ఇరొందీనా తెచ్చిన సామాను

ముందు చప్పుడు వినపడింది. టక్, టక్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టక్. నిండిన కడుపు మీద వేలితో కొట్టినట్టు, పైకి రాకుండా లోపలికే ఇంకిపోయే చప్పుడు. మనిషి మాత్రం కనపడలేదు. ఎడారి నుంచి సముద్రం దాటి వచ్చే సన్నటి దుమ్ము అప్పటికి కొన్నాళ్ళుగా మా మిందేలు రేవు మీద కమ్ముకుని ఉంది. కొండ లేదు, ఓడలు లేవు, క్రేన్లు లేవు. కస్టమ్స్ యార్డులో నీలం డ్రమ్ములు వరసగా నిలబడి, ఎవరో మధ్యలో మానేసిన కలలా సగం వరకే కనపడుతున్నాయి.

ఆ వరస చివరి నుంచి ఒక పొట్టి మనిషి నడుచుకుంటూ వచ్చింది. ఒంటి మీద మోకాళ్ళు దాటిన ఉన్ని కోటు. ఉంగరం ఉన్న వేలితో ఒక్కో డ్రమ్మునీ కొట్టి, చెవి ఒగ్గి విని, తల ఊపి, తర్వాతి దాని దగ్గరికి జరుగుతోంది.

"ఏం వింటున్నారక్కా?" అన్నాను.

"వెలితి. ఓడలో ఏ మూతైనా ఊడి సామాను జారిపోయి ఉంటే డ్రమ్ము మోగుతుంది. ఒక్కటీ మోగలేదు. నేను సర్దినవి మోగవు."

"ఈ ఉక్కలో కోటేంటి?"

"డ్రమ్ముల్లో చోటు లేకపోయింది తమ్ముడూ."

ఆ మాట నాలో ఎక్కడో ముల్లులా దిగింది. తన ఇంటి సామాను తను తెచ్చుకుంటున్న మనిషికి తన కోటు పెట్టుకునే చోటు ఎందుకు లేకపోయింది?

నేను పని చేసేది క్లియరింగ్ ఏజెంటు దగ్గర. బయటి దేశాల్లో ఉన్న మావాళ్ళు సామాను పంపితే కాగితాలు చూపించి, సుంకం కట్టించి, గేటు దాటించడం నా పని. మా దీవుల్లో ప్రతి ఇంటికీ నీలం డ్రమ్ము ఒక చుట్టం. ఏడాదికోసారి వస్తుంది. పిల్లలందరికీ ఏదో ఒకటి తెస్తుంది. ఖాళీ అయ్యాక ఇంటి మూలన నీళ్ళు పట్టుకుని, ముసలిదై, అక్కడే ఉండిపోతుంది.

ఇరొందీనా గొంతును నేను ఫోనులో చాలాసార్లు విన్నాను. మనిషిని చూడటం అదే మొదలు. చిన్న వయసులోనే రోటర్‌డామ్ వెళ్ళి, ఒక పెద్ద లాండ్రీలో చేరి, అందులోనే జుట్టు నెరిపించుకుంది. పెళ్ళి జోలికి పోలేదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు. పుట్టినవాళ్ళ కింద పరిచినవీ, పోయినవాళ్ళ మీద కప్పినవీ, కొత్త జంటలు నలిపినవీ, అన్నీ ఆమె చేతుల మీదుగా ఒకే వేడి కిందకు వెళ్ళి ఒకేలా చదునై వచ్చాయి. ఆ వేడి పేరు ఇస్త్రీ రోలరు. మంచమంత పొడవున్న యంత్రం. ఇటు తడిబట్ట అందిస్తే అటు కాగితంలా బయటికి వస్తుంది.

లాండ్రీ మూతపడినప్పుడు యజమాని ఆ రోలరును తుక్కుకి వేయబోయాడు. ఇరొందీనా అడ్డం నిలబడి అడిగి తెచ్చుకుంది. ఇక్కడ, మోంత్ సుసెగు పేటలో, రోడ్డు మీదికి తలుపున్న ఒక గది అద్దెకు తీసుకుంది. రోలరు బరువుకి కుంగకుండా నేలకి మందంగా సిమెంటు పోయించింది. లావుపాటి కరెంటు తీగ లాగించింది. ఇదంతా అక్కడి నుంచి ఫోను మీదే. రేవు పక్కన హోటళ్ళు పుట్టుకొస్తున్నాయి, దుప్పట్లన్నీ ఇంకా మేడల మీదే ఆరుతున్నాయి, ఆ సంగతి ఆమెకి తెలుసు.

"ఇంకొకళ్ళ కింద చెయ్యను తమ్ముడూ, చాలు," అంది ఒకసారి ఫోనులో. "తలుపు మీద నా పేరు రాయిస్తా. పెద్దక్షరాలతో. కళ్ళజోడు లేనివాళ్ళకి కూడా కనపడాలి."

అన్నిటికీ ఆధారం ఒక్కటే. బయట చాలాకాలం ఉండి తిరిగి వచ్చేసేవాళ్ళకి, వాడుకున్న ఇంటి సామానూ చేతిపని యంత్రమూ సుంకం లేకుండా వదులుతారు. అవన్నీ తనవేనని, తను వాడుకున్నవేనని సంతకం పెట్టి ప్రమాణం చెయ్యాలి. ఆమె చేసింది. ఆ మినహాయింపు లేకపోతే ఒక్క రోలరు మీద పడే సుంకమే ఆమె దగ్గరున్నదంతా మింగేసి ఇంకా నోరు తెరుస్తుంది.

తనిఖీ అధికారి కోసం నీడన బల్ల మీద కూర్చున్నాం.

"అన్నీ మీవేనా అక్కా?"

"నా డ్రమ్ములో ఉన్నవి నావి కాక నీవా?"

"నావైపు చూసి చెప్పండి."

ఆమె చూడలేదు. కోటు గుండీ తిప్పుతూ కూర్చుంది. "కుండ ఖాళీగా ఉంచి మూత పెడతామా? మీ అమ్మ పెట్టేదా? సందు ఉంది, మా మేడ మెట్లు దిగి మనవాళ్ళలోనే ఒకతె వచ్చింది, చేతిలో మూట. వెనకాల ఇంకొకతె. వాళ్ళ వాళ్ళకి పంపాలని. వద్దని ఏ నోటితో చెప్పను? వాళ్ళు నా మూటలు మోస్తేనే కదా ఇన్నాళ్ళూ మా అమ్మకి సబ్బులొచ్చింది, నాకు ఎండుచేపలొచ్చింది."

"కొత్త సామానుందా?"

"ఏదీ కొత్తగా లేదు," అంది గొంతు తగ్గించి. "దుప్పట్లన్నీ ఒకసారి ఉతికి ఆరేశాం. ధరల చీటీలు పీకేశాం. బూట్లేసుకుని ఇంట్లో తిరిగాం. మన పేట తొమాజియా వాళ్ళ చెల్లెలైతే మగాడి బూట్లతో చర్చికి కూడా వెళ్ళింది. పాదిరీ గారు అడుగులు చూసి ఎవరో కొత్త మనిషి వచ్చాడనుకున్నాడు."

నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే చెమట పట్టింది. మావాళ్ళకి చట్టం కొంచెం తెలుసు, ఉతకడం బాగా తెలుసు. రెండూ కలిపి ఇలాంటి పని చేస్తారు. రోటర్‌డామ్‌లో ఒక మెట్లదారి మొత్తం, తన ఇష్టంతో, తన ప్రేమతో, ఈ మనిషి ప్రమాణాన్ని అబద్ధం చేసి పంపించింది.

"ఇప్పుడైనా చెప్పేద్దామా?" అన్నాను.

"చెపితే రోలరు?"

నేను కాగితాల కట్ట సర్దుకున్నాను.

"అయితే నోరు మూసుకుని కూర్చో."

అధికారి అదెరీతు దుమ్ములోంచి మెల్లగా ఆకారం తెచ్చుకుంటూ వచ్చాడు. నలభై దాటినవాడు, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. చెడ్డవాడైతే కోపగించుకోవడానికైనా వీలుండేది. అదెరీతు చెడ్డవాడు కాదు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగడు, ఎవరినీ కసురుకోడు. నిదానంగా చూస్తాడు, అంతే. ఆ నిదానానికే మేమందరం భయపడతాం.

కూలీలు ఇద్దరు మొదటి డ్రమ్ము మూత తీశారు. కుండల్లో కప్పులు, కప్పుల్లో చెంచాలు, చెంచాల సందుల్లో కాఫీ గింజలు. బాగానే నడిచింది. రెండో దానిలో దుప్పట్లు. అదెరీతు ఒకటి విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ మడిచి పెట్టాడు. మూడో దానిలోంచి బంతాట బూట్లు వచ్చాయి. అడుగున ముళ్ళున్నవి, పసుపుపచ్చవి.

"ఇవి మీవాండీ?"

"నావే."

"బంతాట ఆడతారా?"

"సాయంత్రాలు."

"ఎక్కడ?"

"గోలు దగ్గర నిలబడతాను. పరిగెత్తే వయసు కాదు కదా బాబూ."

కూలీ ఒకడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. వాడి భుజాలు కదిలాయి. అదెరీతు నవ్వలేదు. బూటు తిప్పి అడుగు చూశాడు. రోటర్‌డామ్ ఇళ్ళ తివాచీల తెల్లటి నూగు తప్ప అక్కడ ఆటస్థలం మట్టి లేదు.

తర్వాత మగచొక్కాలు వచ్చాయి, రకరకాల కొలతలవి. "అక్కడ చలెక్కువ," అంది. "ఒకదాని మీద ఒకటి వేసుకుంటాం." ఆ తర్వాత పాలసీసా. ఆమె దాన్ని కొంచెంసేపు చూసింది. "నూనె పోసుకోవడానికి," అంది.

అదెరీతు కలం జేబులోనే ఉంది. అది బయటికి రాలేదన్న ఒక్క ఆశ మీద నేను ఊపిరి పీలుస్తున్నాను. యార్డు చివర చెక్కపెట్టెలో రోలరు ఉంది. ఇరొందీనా కళ్ళు ప్రతి జవాబు తర్వాతా అటు వెళ్ళి, ముట్టుకుని, తిరిగి వస్తున్నాయి.

అప్పుడు గేటు దగ్గర గొంతులు మొదలయ్యాయి.

ఓడ వచ్చిందంటే ఊరికి చెప్పక్కర్లేదు. ఎవరి డ్రమ్ములో ఎవరి మూట ఉందో రోటర్‌డామ్ నుంచి ఫోనులు ముందే వచ్చేస్తాయి. ఆ పొద్దున వాళ్ళంతా కడుపునిండా మొక్కజొన్నల కషూపా తిని, తలలకి గుడ్డలు చుట్టుకుని, మూటలు మోసుకెళ్ళడానికి బుట్టలు కూడా తెచ్చుకుని, కమ్మీల అవతల బారులు తీరారు. దుమ్ములో మొహాలు కనపడటం లేదు. చేతులు మాత్రం కమ్మీల సందుల్లోంచి లోపలికి వచ్చి ఊగుతున్నాయి.

"ఇరొందీనక్కా! మావాడి బూట్లు పసుపువేనా?" చేపలమ్మే తొమాజియా గొంతు రేవు అవతలికి కూడా వినపడుతుంది. "ఇవాళే ఆటుంది, వాడిక్కడే కూర్చున్నాడు!"

ఇరొందీనా మెడ కోటు కాలరులోకి దిగిపోయింది.

"పిన్నీ, మా అక్క పాలసీసా పెట్టానంది!"

కూలీల్లో ఈసారి ఎవరూ నవ్వలేదు. అదెరీతు గేటువైపు చూశాడు, బూట్లవైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. నేను గేటు దగ్గరికి పరిగెత్తి నోరు ముయ్యమని సైగ చేశాను. వాళ్ళకి అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. చేతులు ఒక్కొక్కటిగా కమ్మీల బయటికి వెళ్ళిపోయాయి. అరవకుండా ఒక్కతే ఉంది అక్కడ, గోడకి ఆనుకుని, ఎర్మెలిండా. ఆమె బుట్ట తేలేదు. చేతిసంచీ ఒకటి తెచ్చుకుంది.

నేను తిరిగి వచ్చేసరికి కూలీలు చివరి డ్రమ్ము అడుగుకి వచ్చారు. తువ్వాలులో చుట్టిన ఒక మూట. అదెరీతు విప్పాడు. ఆడపిల్ల బూట్ల జత. తోలు గోధుమరంగు, లేసులు తెల్లవి. ఒక బూటు మామూలుది. రెండోదాని అడుగు నాలుగు వేళ్ళ ఎత్తు. ఒక కాలు కురచైన పిల్ల కోసం కొలతలు తీసి కుట్టించింది.

అదెరీతు దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. దుమ్ము దాని మీద కూడా వాలుతోంది.

"ఇదీ మీదేనాండీ?"

అంతవరకూ చకచకా వచ్చిన అబద్ధాలు ఆ బూటు ముందు ఆగిపోయాయి.

అదెరీతు మమ్మల్నిద్దరినీ పక్కకి పిలిచాడు. గొంతు చాలా తగ్గించి మాట్లాడాడు.

"అమ్మా, నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. మీరు సర్దుతున్నప్పుడు ఎవరో వచ్చి, మీకు తెలియకుండా ఇవి లోపల పెట్టారు. అలా జరుగుతుంటుంది. మీరు నాకు అదే చెప్పండి. ఇవన్నీ ఎవరివో తెలియని సామాను కింద రాసుకుంటాను. గోడౌనుకి పోతాయి. మీ ప్రమాణం మీకుంటుంది. మీ ఇంటి సామానూ, మీ యంత్రమూ ఈ రోజే గేటు దాటతాయి."

"తెలిసే పెట్టానంటే?"

"అప్పుడు వాటికి యజమానులు ఉన్నట్టు. వాళ్ళొచ్చి ఎవరి వాటికి వాళ్ళు సుంకం కట్టి తీసుకుపోవచ్చు, చిన్న మూటలే కదా. మీ ప్రమాణం మాత్రం అబద్ధమవుతుంది. మినహాయింపు ఉండదు."

"గోడౌనుకి పోయినవి తిరిగొస్తాయా?"

"ఎవరివో తెలియనివి ఎవరికని ఇస్తామమ్మా?"

"మీ అమ్మ నాకు తెలుసు బాబూ. సలమాన్సా వీధిలో—"

"మా అమ్మ సంగతి వద్దు," అన్నాడు అదెరీతు, కోపం లేకుండానే. "ఒక్క మాట చెప్పండి చాలు. నాకు తెలీదు అనండి."

ఆ ఒక్క మాట కోసం యార్డంతా ఆగింది. నేను ఆమె చెవి దగ్గరికి వంగి, "అక్కా, అనేయండి," అన్నాను. "బూట్లు మళ్ళీ చేయించొచ్చు. రోలరు మళ్ళీ రాదు."

ఆమె చెక్కపెట్టెవైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను. పలకల సందులోంచి చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఇనుము తగిలిందేమో, అరచెయ్యి అక్కడే ఆనించి నిలబడింది. గాలి లేదు. ఆమె పెదవులు కదులుతుంటే ప్రార్థన చేస్తోందనుకున్నాను. దగ్గరికి వెళితే వినపడింది. ఇత్తడి బిరడా బాగుంది, తీగ బాగుంది, గుడ్డ మార్చాలి. అలా ఆ యంత్రాన్ని ఒక్కో ముక్కా తడుముకుంటూ చెప్పుకుంటోంది.

తర్వాత చెయ్యి బయటికి తీసి, కోటుకి తుడుచుకుని, అదెరీతు దగ్గరికి వచ్చింది.

"వాళ్ళు నా చేతికిచ్చారు," అంది. "నేను పుచ్చుకున్నాను. నాకు తెలీదంటే ఎట్లా?"

"బాగా ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచిస్తే నోరు రాదు బాబూ. కలం తియ్యి."

అదెరీతు కలం తీశాడు. ఆమె గేటువైపు తిరిగి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. కాగితం లేదు, తడబాటు లేదు. తొమాజియా కొడుకు బూట్లు. పాలసీసా. చొక్కాలు, ఏ చొక్కా ఏ ఇంటిదో. పిలిచినవాళ్ళు పిలిచినట్టు లోపలికి వచ్చారు, తప్పు చేసిన పిల్లల్లా నేల చూస్తూ. ఎర్మెలిండా అందరికంటే చివర వచ్చింది. కూతురి బూట్లు చేతిలోకి తీసుకోలేదు. అదెరీతు కౌంటరు చూపిస్తే అక్కడికి వెళ్ళి, సుంకం కట్టి, అప్పుడు మాత్రమే సంచీలో పెట్టుకుంది. పోతూ ఇరొందీనా కోటు చేతిని ఒకసారి పట్టుకుని వదిలింది.

తొమాజియా మాత్రం కదల్లేదు. "మా నోళ్ళు పడిపోను," అంది. "చందాలేస్తాం అక్కా. పేటంతా వేస్తుంది."

"ముందు నీ బూట్ల సుంకం కట్టవే," అంది ఇరొందీనా. "నీ గొంతుకి కూడా సుంకం వేస్తే ఈ దేశం బాగుపడును."

తొమాజియా నవ్వబోయి ఏడ్చింది.

లెక్క నేననుకున్నట్టే వచ్చింది. రోలరును ప్రభుత్వానికి వదిలేసుకుంటే, మంచమూ కుండలూ దుప్పట్లూ కొంచెం సుంకంతో ఇంటికి తెచ్చుకోవచ్చు. వదులుకుంటున్నట్టు రాసిన కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. అదెరీతు ఆ కాగితాన్ని వెంటనే తీసుకోలేదు. సిరా ఆరేదాకా చూస్తూ కూర్చున్నాడు.

డ్రమ్ములు లారీలో పేటకి చేరాయి. నేనూ వెళ్ళాను. సిమెంటు నేల మధ్యలో రోలరు కాళ్ళ కోసం దిగ్గొట్టించిన మరలు నాలుగు నిలబడి ఉన్నాయి. ఇరొందీనా వాటి మధ్య మంచం వేయించింది. ఆ రాత్రికి దుమ్ము తెరిపిచ్చిందని, కిటికీలోంచి రేవు దీపాలన్నీ కనపడ్డాయని తర్వాత ఎవరో చెప్పారు.

కస్టమ్స్ వేలంలో ఆ యంత్రాన్ని రేవు పక్కన కొత్తగా కట్టిన హోటలు కొన్నది. మేనేజరు బయటి దేశంవాడు. తెచ్చి బిగించారు, మీట నొక్కారు, దుప్పట్లు మాడాయి. ఈ పని తెలిసినవాళ్ళు కావాలని ఊళ్ళో అడిగించాడు. మర్నాడు ఇరొందీనా వెళ్ళి నిలబడింది. జీతం మాట్లాడుకుంది. ఇంకొకళ్ళ కింద చెయ్యనన్న మనిషి, ఉన్ని కోటు గోడకి తగిలించి, చేతులు పైకి మడిచి, తన యంత్రం ముందు కూలికి నిలబడింది.

కొన్ని నెలల తర్వాత ఆ హోటలు తెప్పించుకున్న కుర్చీల కాగితాలు పట్టుకుని నేను వెనక గుమ్మంలోంచి వెళ్ళాను. ఉతుకుల గది తలుపు తెరిచి ఉంది. వేడి నూలు వాసన. ఆమె ఇటు నిలబడి తడి దుప్పటి అంచులు అందిస్తోంది. అటు ఒక పిల్ల మడత పట్టుకుంటోంది. తెల్లటి బట్ట రోలరు కిందికి ఇసుకలోకి అల ఇంకినట్టు వెళ్ళిపోతోంది. నన్ను చూసి ఆమె మీట కట్టేసింది. పిల్లని నీళ్ళు తెమ్మని పంపింది.

"ఎలా ఉంది?" అన్నాను. ఎవరి గురించి అడిగానో నాకే తెలియదు.

"గుడ్డ మార్పించాను. ఇప్పుడు బాగా తిరుగుతోంది. ఆ మేనేజరు మంచివాడే, కానీ దుప్పటికీ తువ్వాలుకీ తేడా తెలీదు పాపం."

"ఇది మీదని ఆయనకి తెలుసా అక్కా?"

ఆమె తలుపువైపు చూసింది. నీళ్ళకెళ్ళిన పిల్ల అడుగులు నడవలో వినపడుతున్నాయి. ఇరొందీనా నావైపు వంగి, మీట మీద చెయ్యి అలాగే ఉంచి, అంది:

"తెలీదు. నువ్వూ చెప్పకు. నాదని తెలిస్తే, పాడైనప్పుడల్లా నన్నే ఊరికే బాగుచెయ్యమంటాడు."